దుర్గాంబ గారి మంగళవారం

మయూర్ విహార్‌లో తెలుగువాళ్ల ఇంట పన్నెండో తరగతి పిల్లలుంటే మే నెల దాటేలోగా మూడు ప్రదక్షిణలు తప్పేవి కావు. ఒకటి కోచింగ్ సెంటరుకి, రెండోది గుడికి, మూడోది దుర్గాంబ గారి ఇంటికి. మొదటి రెండు చోట్లా ఏదో ఒకటి సమర్పించుకోవాలి. దుర్గాంబ గారికి ఏమీ ఇవ్వక్కర్లేదు. పిల్లనో పిల్లాణ్ణో లోపలి గదిలోకి పంపి, తల్లిదండ్రులు హాల్లో నోరు మూసుకుని కూర్చుంటే చాలు. మనవాళ్లకి కష్టమనిపించేది ఈ నోరు మూసుకోవడమే.

దుర్గాంబది బాపట్ల. డెబ్బై ఒకటి నిండాయి. ఆర్.కె. పురంలో ఒక ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో ముప్పై ఏడేళ్లు పనిచేసి, పదకొండేళ్ల క్రితం రిటైరైంది. భర్త పోయాక సొసైటీ ఫ్లాట్లో, మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. ఇందిరాపురంలో ఉన్న కూతురు రేవతి వారానికోసారి వచ్చి ఫ్రిజ్ నింపి, నాలుగు చీవాట్లు పెట్టి వెళుతుంది. ఆవిడ జాతకాలు చూడదు, సోది చెప్పదు, టీవీలో ఎవరైనా వాస్తు గురించి మొదలుపెడితే కట్టేస్తుంది. కాలేజీలో ఏ బ్రాంచి తీసుకోవాలో చెప్పడం మాత్రం ఆవిడ సొంత విద్య. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

పద్ధతి చాలా చిన్నది. మధ్యాహ్నం పూట కర్టెన్లు వేసి, పిల్లని పేముకుర్చీలో గోడవైపు కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటుంది. "నీకిప్పుడు ముప్పై అయిదేళ్లు. ఇవాళ మంగళవారం. పనిలో ఉన్నావు" అంటుంది. ఆ తర్వాత నాలుగే ప్రశ్నలు. టైమెంతైంది? ఎదురుగా ఏముంది? చేతులతో ఏం చేస్తున్నావు? నువ్వు చేసింది సరిగ్గా ఉందని నీకెలా తెలుస్తోంది?

మంగళవారమే ఎందుకని అడిగినవాళ్లకి ఆవిడ దగ్గర జవాబుంది. ఆదివారం ఎవరైనా సుఖంగానే ఉంటారట, సోమవారం ఎవరైనా ఏడుస్తారట, ఉద్యోగం అసలు రంగు తెలిసేది మంగళవారమేనట. ముప్పై అయిదెందుకంటే, ఆ వయసుకి కాలేజీ పేరు ఎవరూ అడగరు కాబట్టి. వినడానికి బాగానే ఉంటుంది. ఆవిడ కూడా ఆ జవాబు నిజమనే అనుకుంది.

పిల్లలు మొదట్లో కోతలు కోస్తారు. గురుగ్రామ్‌లో ముప్పయ్యో అంతస్తు, కిందంతా మబ్బులు, ప్యాకేజీ ఇంత అని. బిల్డింగు సంగతి బిల్డరు చూసుకుంటాడు, నీ చేతుల సంగతి చెప్పమని దుర్గాంబ కసురుతుంది. పది నిమిషాలయ్యేసరికి కోతలు ఆగిపోతాయి. అక్కణ్ణించి పిల్లల గొంతు కొంచెం బరువెక్కుతుంది. కనిపించేది చెబుతారు. ఆవిడ విని, లేచి, హాల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాటలో తేల్చేస్తుంది. కంప్యూటర్ సైన్స్ అని గోలపెడుతూ వచ్చినవాడి చేతులు పొద్దస్తమానం దుమ్ములోనే ఉంటే సివిల్‌లో వెయ్యమంటుంది. కామర్స్ వద్దని మొండికేసిన పిల్ల కళ్లు మూసుకోగానే పెద్ద దుకాణంలో సరుకు లెక్క చూస్తుంటే బి.కామ్ రాయించమంటుంది. ఇందులో మాయ ఏముందని ఆవిడే అనేది. మనసులో ఉన్నది అడిగితే బయటికొస్తుంది, అడగడం తల్లిదండ్రులకి చేతకాదు, అంతే.

ఆ అంతే అన్న మాటకి మొదటి దెబ్బ ఆదిత్య ఫోనుతో తగిలింది. పద్దెనిమిదేళ్ల క్రితం ఆవిడ సివిల్ తీసుకోమన్న కుర్రాడు. అతను ఓ రోజు మధ్యాహ్నం మెట్రో పనులు జరుగుతున్న చోటు నుంచి చేశాడు. తనకి ముప్పై అయిదు నిండాయన్నాడు. ఇవాళ మంగళవారమన్నాడు. కుడి బూటులో సిమెంటు పడి గట్టిపడిందని, కిందనుంచి ఎవరో నేపాలీలో పాట పాడుతున్నారని, ఆ రోజు పేముకుర్చీలో కూర్చుని తను ఈ రెండూ చెప్పానని అన్నాడు. అతను సంతోషంగానే చెప్పాడు. దుర్గాంబ కూడా నవ్వి, నాకేం తెలుసురా, చెప్పింది నువ్వేగా అంది. ఫోను పెట్టేసింది. లేచి వెళ్లి ఎండలో బాల్కనీలో కాసేపు నిలబడింది.

అప్పటికి పిల్లల నోట ఇంకో గది మాట మొదలై రెండేళ్లయింది.

ఆ గది గురించి ముందుగా చెప్పింది నవదీప్. ఆర్.కె. పురం క్వార్టర్స్ పిల్లాడు. కంప్యూటర్ సైన్స్ కావాలన్నాడు. కళ్లు మూసుకున్న కాసేపటికి చలిగా ఉందన్నాడు. జూన్ నెల ఆంటీ, అయినా స్వెటర్ వేసుకున్నాను అన్నాడు. ఎదురుగా తెర ఉంది, దాని మీదికి ఏదో వస్తుంది, సరిగ్గా ఉందో లేదో చూసి ఒక మీట నొక్కుతాను, ఇంకోటి వస్తుంది. వచ్చేది ఎవరు చేసిందని అడిగితే తెలీదన్నాడు. అదే చేస్తుంది, నేను ఊరికే చూస్తాను అన్నాడు. ఈ కాలం ఉద్యోగాలు ఇంతే కాబోలు అనుకుని దుర్గాంబ సరేనంది. వాళ్లు ఆనందంగా వెళ్లారు.

మరుసటి ఏడు చాందిని అనే పిల్ల వచ్చింది. ఆ అమ్మాయికి ఇంజనీరింగంటే గిట్టదు, బి.బి.ఎ. చేసి వ్యాపారంలోకి వెళతానంది. కళ్లు మూసుకుని, చలిగా ఉందంది. స్వెటర్ అంది. తెర మీదికి ఎవరి మాటలో, ఎవరి ధరలో వస్తాయి, సరేనా కాదా అని చూసి మీట నొక్కడమే పనంది. గోడలకి సగం వరకే ఆకుపచ్చ రంగు ఉందని, కిటికీలు లేవని చెప్పింది. ఈ పిల్లకీ నవదీప్‌కీ ముఖపరిచయం కూడా లేదు. దుర్గాంబకి నవదీప్ చెప్పిన గది గుర్తొచ్చింది. అయినా ఆఫీసులన్నీ ఒకేలా ఉంటాయని సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడం ఆవిడకి బాగా అలవాటే.

ఆదిత్య ఫోను వచ్చిన వేసవిలోనే, ఆ తర్వాత కొద్ది వారాలకి, మూడోవాడు వచ్చాడు. పేరు దీపు. కోచింగ్ కోసం జియా సరాయ్‌లో గది తీసుకుని రెండోసారి పరీక్ష రాశాడు. ఇంక ఇంజనీరింగ్ వద్దు, ఎకనామిక్స్ చదివి ఎం.బి.ఎ. చేస్తానన్నాడు. వాడూ చలి అన్నాడు. ఆకుపచ్చ గోడ అన్నాడు. కాళ్ల మీద కాళ్లు రుద్దుకుంటూ, "చెప్పులు బయట విప్పేశాం ఆంటీ. లోపల ఎవరికీ చెప్పుల్లేవు" అన్నాడు.

ఆఫీసులో చెప్పులు విప్పడం ఈ పిల్లలు పుట్టకముందు మాట. మెషీన్లకి దుమ్ము పడకూడదని కంప్యూటర్ గదుల బయట చెప్పులు విప్పించిన రోజులు దుర్గాంబకి తెలుసు. మే, జూన్ నెలల్లో కూడా స్వెటర్లు వేసుకుని, చల్లటి నేల మీద వట్టి కాళ్లతో పదిహేడేళ్లు కూర్చుంది తను. సర్వే ఫారాలు ఒకరు మెషీన్‌లోకి కొట్టేవారు, అవే ఫారాలు ఇంకొకరు మళ్లీ కొట్టేవారు, రెండూ కలవని చోట మెషీన్ కీచుమనేది. కాగితం చూసి, ఏది సరో తేల్చి, ఒక మీట నొక్కడం దుర్గాంబ పని. కాగితాల్లో ఎవరెవరి కాపరాలో ఉండేవి. ఆవిడ చదివేది కాదు, చూసేది.

ఇంకేం కనిపిస్తోందని అడగకుండా ఉండలేకపోయింది. ఎడమవైపు కుర్చీ ఖాళీగా ఉందన్నాడు దీపు. బల్ల మీద ఎవరివో కళ్లజోడు వదిలేసి వెళ్లారు ఆంటీ, ఒక కాడకి తెల్ల దారం కట్టి ఉంది అన్నాడు. దుర్గాంబ ఇక చాలని వాడి భుజం తట్టి లేపింది. హాల్లోకి వచ్చి, వాడి తండ్రితో ఒంట్లో బాగోలేదని, మళ్లీ చెబుతానని అంది. మళ్లీ చెప్పలేదు. ఆ వేసవి నుంచి ఎవర్నీ రానివ్వలేదు. మోకాళ్లని ఒకరికి, కళ్లని ఒకరికి, ఊరెళుతున్నానని ఒకరికి చెప్పి తప్పించుకుంది.

ఆ కళ్లజోడు కమలది. విజయనగరం మనిషి. తొమ్మిదేళ్లు దుర్గాంబ ఎడమ పక్క కుర్చీలో కూర్చుంది. ఒకే డబ్బాలో తిన్నారు, ఒకే బస్సులో వేలాడారు. ఇద్దరికీ ముప్పై అయిదేళ్లప్పుడు, ఒక మంగళవారం మధ్యాహ్నం, కమల కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఇటు తిరిగింది. "గుండెల్లో ఏటోలాగుంది దుర్గా. కింద డిస్పెన్సరీ దాకా నువ్వూ వస్తావేటి?" అంది. దుర్గాంబ తెర మీంచి చూపు తిప్పలేదు. ఈ కట్ట అయిపోయాక వస్తాను, నువ్వు నడుస్తూ ఉండు అంది. కమల ఒక్క క్షణం నిలబడి, వెళ్లింది. రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య, మెట్ల మలుపులో పడిపోయింది. ఎవరో చూసేసరికి పావుగంటైంది. అంతకంటే ఘోరం ఇంకోటుంది, దాన్ని దుర్గాంబ భర్తకి కూడా చెప్పలేదు. కమల చెయ్యాల్సిన కట్టలు ఎవరో తెచ్చి తన బల్ల మీద పెడితే, ఆ సాయంత్రం అవి కూడా పూర్తి చేసింది. రోజూ అయ్యే పని ఆ రోజు కూడా అయింది. సెక్షన్‌లో ఒక మనిషి పోయిందని మెషీన్లకి తెలియనే లేదు.

మంగళవారం ఎందుకో, ముప్పై అయిదెందుకో దుర్గాంబకి దీపు వచ్చిన ఆ మధ్యాహ్నం తెలిసింది. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల పిల్లలందర్నీ తీసుకెళ్లి తను ఆ గదిలో కూర్చోబెడుతోందా, లేక వాళ్లు వెళ్లబోయే గదే అలా ఉండబోతోందా అన్నది మాత్రం తెలియలేదు. ఏది నిజమైనా భయమే. తన నోటి మాట పట్టుకుని నవదీప్ ఆ చదువులో చేరిపోయాడు, చాందిని చేరిపోయింది.

ఇదంతా లోపల పెట్టుకుని ఏడాది గడిపాక, మనవరాలు శ్రుతి వంతు వచ్చింది.

శ్రుతికి పద్దెనిమిదేళ్లు. ఇంట్లో మిక్సీ, ఇన్వర్టర్, గీజరు, అన్నీ ఒకసారి విప్పి చూసిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీయే. అమ్మమ్మా అన్న ఒక్క పిలుపే తెలుగు. ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. సాయంత్రం అయిదు లోపల ఫోనులో ఒప్పుకుంటున్నానని నొక్కాలి, లేకపోతే పోతుంది. నొక్కితే గ్రేటర్ నోయిడాలో ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లిస్తామన్న ఏఐ సీటు వదులుకోవాలి. రేవతికి ఏఐ కావాలి. రేపటి ఉద్యోగాలన్నీ అక్కడే ఉన్నాయని ఆఫీసులో పదిమంది చెప్పారు. శ్రుతి ఏదీ తేల్చలేదు. తల్లి మాట కాదనడానికి ధైర్యం చాల్లేదు, అవుననడానికి మనసు రాలేదు. సగం రోజు సెలవు పెట్టి, మెట్రోలో పిల్లని వెంటేసుకుని రేవతి మూడింటికి తలుపు తట్టింది. ఆ రోజు ఏ వారమో దుర్గాంబ కేలండర్ చూడక్కర్లేకపోయింది.

కుదరదంది దుర్గాంబ. తలనొప్పంది. రేవతి చెంబెడు నీళ్లు తాగి, తల్లి ఎదురుగా కూర్చుంది.

"ఊళ్లోవాళ్ల పిల్లలందరికీ చెప్పావు. నీ మనవరాలి దగ్గరికొచ్చేసరికి తలనొప్పా అమ్మా?"

అసలు సంగతి చెబితే కూతురు ముసలితనం అంటుంది, డాక్టరంటుంది. చెప్పకపోతే అలుగుతుంది. శ్రుతి అప్పటికే నవ్వుతూ వెళ్లి పేముకుర్చీలో కూర్చుంది. దుర్గాంబ వెనకాలే వెళ్లి తలుపు వేసింది. కూలర్ శబ్దం తప్ప ఏమీ లేదు. ఒక ఉపాయం మాత్రం చేసింది. నీకిప్పుడు నలభై ఏళ్లు, ఇవాళ గురువారం అంది.

శ్రుతి నెమ్మదిగా తల అడ్డంగా తిప్పింది.

"నహీఁ అమ్మమ్మా. ఆజ్ మంగల్‌వార్ హై. సామ్‌నే లిఖా హై."

ఎదురుగా రాసి ఉందట. ఎదురుగా ఉన్నది తెల్లగోడ. దుర్గాంబ ఆపేద్దామనుకుంది. ఆపితే ఆ పిల్ల అక్కడ ఒక్కతే ఉండిపోతుందేమో అని ఒక పిచ్చి భయం పట్టుకుంది, నోరు ఆగలేదు. టైమెంతని అడిగింది. మూడు ముప్పావు. చలిగా ఉందా అని అడిగింది. ఉందంది శ్రుతి. బయట నలభై మూడు డిగ్రీల ఎండలో, ఆ చిన్న గదిలో, పిల్ల చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చెప్పులు లేవంది. ఒక పాదం ఎత్తి రెండో పాదం మీద పెట్టుకుంది, చల్లటి నేల మీద పెట్టుకున్నట్టే.

అప్పుడు దుర్గాంబ ఇరవై ఏళ్లలో ఎవరినీ అడగని ప్రశ్న అడిగింది. పక్కనెవరున్నారు అంది. నాలుగు ప్రశ్నల్లో పక్క మనిషి గురించి ఒక్కటీ లేదని అడిగాక గానీ ఆవిడకి తట్టలేదు.

శ్రుతి మూసిన కళ్లతోనే కుడివైపు తిరిగింది.

"ఆప్ హో. బాల్ కాలే హైఁ ఆప్‌కే."

మీరే ఉన్నారు, జుట్టు నల్లగా ఉంది. కుడివైపు తను ఉందంటే, పిల్ల కూర్చున్నది ఎడమ కుర్చీలో. మిగతా పిల్లలందరూ దుర్గాంబ కుర్చీలో కూర్చున్నారు. ఈ పిల్ల కమల కుర్చీలో కూర్చుంది. పిలుస్తున్నాను, మీరు ఇటు చూడట్లేదు అని శ్రుతి హిందీలో గొణిగింది. ఒక చెయ్యి గుండె మీదికి పోయింది. రెండో చెయ్యి ముఖం మీదికి వెళ్లి, లేని కళ్లజోడు తీసి, లేని బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. కిందకి వెళ్లాలంటూ కుర్చీలోంచి లేచింది.

దుర్గాంబ జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ లేవలేదు. మనవరాలి మణికట్టు పట్టుకుంది. అది మంచుముక్కలా ఉంది. "పద తల్లీ, నేనూ వస్తున్నా" అంది. ముప్పై ఆరేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట అది, ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆవిడకే ఏడుపొచ్చింది.

హాల్లో రేవతి లేచి నిలబడింది. తల్లి ముఖం చూసి నోరు తెరిచింది గానీ, దుర్గాంబ చేత్తో వద్దని సైగ చేసింది. తలుపు తెరిచారు, రేవతి గుమ్మం దగ్గరున్న చెప్పుల్లో కాళ్లు దూర్చి వెనకాలే వచ్చింది. లిఫ్టు ఎదురుగానే ఉంది. శ్రుతి దానికేసి చూడనైనా చూడకుండా మెట్ల వైపు తిరిగింది. కళ్లు మూసే ఉన్నాయి. అడుగు మాత్రం తప్పడం లేదు, రోజూ దిగే మెట్లు దిగినట్టు దిగుతోంది. దుర్గాంబ నాలుగేళ్లుగా ఆ మెట్లు ఎక్కలేదు, దిగలేదు. ఒక చేత్తో మెట్ల కమ్మీ, ఒక చేత్తో పిల్లని పట్టుకుని దిగింది.

రెండో అంతస్తు దాటారు. ఎవరింట్లోనో ప్రెషర్ కుక్కర్ కూస్తోంది. కింద మెట్ల మలుపు కనిపించింది. శ్రుతి నడక మందగించింది. మలుపులో ఆగిపోయింది. ఊపిరి అందనట్టు నోరు తెరిచింది, భుజాలు ముందుకి వాలాయి, ఒళ్లంతా బరువుగా దుర్గాంబ మీదికి వచ్చేసింది. వెనకాల రేవతి కేక పెట్టింది. దుర్గాంబ గోడకి వీపు ఆనించి, రెండు చేతులా పిల్లని పట్టుకుంది. ఆ బరువు శ్రుతిది కాదు. పీలగా, గాలికి ఎగిరిపోయేట్టుండే పిల్ల అది. ఇది పెద్ద మనిషి బరువు.

"ఆగకు. నేనున్నాను. చూడు, ఇటే చూస్తున్నా" అంది దుర్గాంబ. ఎన్నిసార్లు అందో లెక్కలేదు. పడిపోతే ఇద్దరం కలిసే పడతాం అనుకుంది. ఆ అనుకోవడంలో ఆవిడకి భయం లేదు, కోపం మాత్రం ఉంది, తన మీద తనకే. కాసేపటికి పిల్ల ఒక అడుగు వేసింది. తర్వాత ఇంకొకటి. మలుపు దాటారు. మొదటి అంతస్తు దాటారు. కింద ఎండ పడుతున్న గడప దగ్గరికి వచ్చాక, శ్రుతి ఆగి, కళ్లు తెరవకుండానే ఇటు తిరిగింది.

"వచ్చీసేవా దుర్గా" అంది. "ఇంకేటీ పరవాలేదులే. నువ్వెళ్లి నీ పని చూసీసుకో."

విజయనగరం మాట. శ్రుతి విజయనగరం పేరు మ్యాపులో చూసి ఉంటుందేమో, అంతకు మించి ఎరగదు. అమ్మమ్మని ఆ పేరుతో పిలిచినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. గొంతు మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లదే, అదే ఎక్కువ భయం వేసింది. రేవతి కిందనుంచి మూడో మెట్టు మీద కూలబడిపోయింది. దుర్గాంబ ఏదో అనబోయింది, క్షమించమని కాబోలు. ఈలోగా చేతిలో ఉన్న మణికట్టు నెమ్మదిగా వెచ్చబడింది. శ్రుతి కళ్లు తెరిచి, ఎండకి చేయి అడ్డం పెట్టుకుని, మనం కిందకెందుకొచ్చామని హిందీలో అడిగింది. కాళ్లు కాలుతున్నాయంది.

గేటు పక్కన వేపచెట్టు నీడలో సిమెంటు బల్ల ఉంటే ముగ్గురూ అక్కడ కూర్చున్నారు. నాలుగు ఇరవై. ఎంతైనా తల్లి తల్లే, రేవతి ఫోను తీసి శ్రుతి చేతిలో పెట్టి, దుర్గాంబ వైపు తిరిగి, ఒక్క మాట చెప్పమ్మా, ఏది తీసుకోమంటావు అంది.

"నాకు తెలీదు" అంది దుర్గాంబ.

ఇరవై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక ఆగలేదు. కమల గురించి చెప్పింది. గది గురించి, స్వెటర్ల గురించి, చూపు తిప్పకుండా తను ఇచ్చిన జవాబు గురించి, సాయంత్రం పూర్తి చేసిన కట్టల గురించి చెప్పింది. ఏ బ్రాంచి కావాలన్న పిల్లలైనా, కంప్యూటర్లన్నా, వ్యాపారమన్నా, అందరూ అదే గదిలోకి వెళుతున్నారని, అది తన పాపమో వాళ్ల భవిష్యత్తో తేల్చుకోలేక నోరు మూసుకుందని చెప్పింది. కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. మనవరాలు పాదాలు బల్ల మీదికి తీసుకుని, మోకాళ్ల మీద గడ్డం ఆనించి వింది.

అంతా విన్నాక శ్రుతి ఒకటే అడిగింది. ఆ పని మీకు నచ్చేదా అని. నచ్చడం గురించి తననెవరూ అడగలేదని, స్టాటిస్టిక్స్ చదివితే గవర్నమెంటులో కూర్చుని చేసే ఉద్యోగం వస్తుందని నాన్న అన్నాడని, నిజంగానే కూర్చోబెట్టారని దుర్గాంబ చెప్పింది. లేవడం ఎలాగో ఎవరూ చెప్పలేదంది.

శ్రుతి మోకాళ్ల మీంచి తలెత్తి చూసింది. సొసైటీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇద్దరు లైన్‌మెన్ మధ్యాహ్నం నుంచీ పనిచేస్తున్నారు. ఒకడు పైన, ఒకడు కింద. పైవాడు ఏదడిగినా కిందవాడు తలెత్తి చూసి అందిస్తున్నాడు. కావాలని చూసిందో, చూపు అటు పడిందో తెలియదు. ఎలాగూ అన్ని దారులూ ఆ గదికే పోతుంటే, పోయేదాకా చేతులతో చేసేది నాకిష్టమైనది చేస్తాను కదా అమ్మమ్మా అంది, ఈసారి ముక్కలు ముక్కలుగా తెలుగులోనే. ఎలక్ట్రికల్ సీటుకి ఒప్పుకుంటున్నానని నొక్కింది.

రేవతి అడ్డుపడలేదు. నొక్కేశాక మాత్రం భయం పట్టుకుంది. అందరూ అటు పరిగెడుతుంటే ఇది ఇటు వెళుతోంది, రేపు తప్పని తేలితే ఎవరిది బాధ్యత అని తల్లిని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

"తప్పయితే లేచి వచ్చేస్తుంది. నువ్వు పక్కనుండు చాలు" అంది దుర్గాంబ.

శ్రుతి కాలికి చెప్పులు లేవని రేవతి తన చెప్పులు విప్పి ఇచ్చింది, తను వట్టి కాళ్లతో లిఫ్టు దాకా నడిచింది.